గుట్ట మీది బువ్వ

లచ్చన్న లాభం లేనిదే అడుగు వేసే మనిషి కాడు. మెట్‌పల్లి అంగట్లో ఎండుమిర్చి రాశి పోసుకుని కూర్చున్న రోజుల్లో, ఎదురుగా ఉన్న హోటల్లో చాయ తాగడానికి కూడా లేచేవాడు కాదు. లేచి వచ్చేలోగా బేరం పక్క రాశికి పోతుందని, చాయనే తన దగ్గరికి తెప్పించుకునేవాడు. ఒమాన్‌కు వచ్చాకా అదే పద్ధతి. రోడ్డు కంపెనీలో కూలిగా చేరి, ఏడాది తిరిగేసరికి క్యాంపులో తన మంచం కిందనే చిన్న దుకాణం తెరిచాడు. కంపెనీ లారీ మస్కట్ రేవు దగ్గరి మత్రా బజారుకు పోయినప్పుడల్లా దాని మీదెక్కి పోయి చింతపండు, పచ్చిమిరపకాయలు, సబ్బులు, కొబ్బరినూనె తెచ్చేవాడు. పగలు డ్యూటీ, పొద్దుగూకాక బేరం. క్యాంపులోని తెలుగువాళ్లు ఎగతాళికి సావుకారి అని పిలిచేవాళ్లు. పిలుపు ఎట్లా ఉన్నా పిలిచినవాడు ఏదో ఒకటి కొంటాడు కాబట్టి అతనికి అది గిట్టుబాటే.

అలాంటి మనిషిని గుట్ట ఎక్కుదాం రమ్మని వేధించేవాడు భీమన్న.

భీమన్న అతని తోడల్లుడు. లచ్చన్న భార్య సత్తవ్వకు శాంతవ్వ ఒక్కతే చెల్లెలు. ఆ శాంతవ్వ మొగుడే భీమన్న. పెళ్లయిన రెండో ఏట లచ్చన్న వెంట విమానమెక్కాడు. పొడుగ్గా, తాటిదూలంలా ఉండేవాడు. ఏదైనా కొత్తది కనిపిస్తే నోరు తెరుచుకుని చూసేవాడు.

వాళ్ల క్యాంపు రుసైల్ దాటి, సమాయిల్ లోయలోకి పోయే దారిలో ఉండేది. అప్పటికి రుసైల్ అంటే గాలి తప్ప ఏమీ లేని బయలు. క్యాంపు వెనకే ఆ గుట్ట. పెద్ద కొండలన్నీ ఒక వరుసలో పోతుంటే, ఇది సంతలో అమ్ముడుపోని సరుకులా వరుసకు ఎడంగా జరిగి నిలబడింది. పైన కోట లేదు, బురుజు లేదు, నీళ్ల ఊట లేదు. పేరేమిటని ఊరివాళ్లను అడిగితే జబల్ అన్నారు. జబల్ అంటే కొండ. కొండ పేరు కొండే అన్నమాట. ఎవరికీ పనికిరాని దానికి పేరు పెట్టే ఖర్చు కూడా ఎవరూ పెట్టుకోలేదని లచ్చన్న అనుకున్నాడు.

"అన్నా, ఒక్కపారి ఎక్కుదామె" అనేవాడు భీమన్న ప్రతి శుక్రవారం. "పైకెళ్లి సముద్రం కనవడ్తదంటున్నరు."

"సముద్రం మత్రాల ఫుక్కట్ల కనవడ్తది. లారీ దిగితే సాలు."

"గది వేరె. ఒడ్డున నిలవడితే నీళ్లే కనవడ్తయి. ఎత్తు మీదికెళ్లి సూస్తే అవతలి దిక్కు తెలుస్తది. మనోళ్లున్నది గా దిక్కే గదా."

"ఎక్కితే ఏమొస్తదిరా?"

"ఏమొస్తదె?"

"దిగుడొస్తది."

రూములో అందరూ నవ్వేవాళ్లు. భీమన్న కూడా నవ్వేవాడు. మళ్లీ శుక్రవారం అదే పాట.

ఆ ఏడు ఎండలు తగ్గుతుండగా భీమన్న కళ్లు పచ్చబడ్డాయి. పచ్చకామెర్లు. రెండు వారాలు లెక్కచేయకుండా డ్యూటీకి పోయాడు. పోలేని రోజు వచ్చాక ఆసుపత్రిలో చేర్చారు. అక్కడి నుంచి తిరిగి రాలేదు. మస్కట్లో తరతరాలుగా వ్యాపారం చేసుకుంటున్న గుజరాతీల దయవల్ల కట్టెలు దొరికాయి, సముద్రపు ఒడ్డున నిప్పు దొరికింది. లచ్చన్నే తలకొరివి పెట్టాడు. కంపెనీ వాళ్లు ఇంటికి తంతి కొట్టించారు, లచ్చన్నకు ఊరికి పోయిరావడానికి సెలవిచ్చారు. వచ్చే బుధవారం విమానం. భీమన్న పెట్టె తీసుకుని పోవాలి.

పెట్టె బరువు అతనికి లెక్కలోకి రాలేదు. శాంతవ్వ అడగబోయే ఒక్క ప్రశ్న బరువు వేరే ఉంది.

లచ్చన్న వాళ్ల దిక్కున మనిషి పోయిన మూడోనాడు పిట్టకు పెడతారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి, కాకి కోసం ఎదురుచూస్తారు. కాకి వచ్చి ముట్టిందంటే పోయినవాడి మనసు తీరి వెళ్లిపోయాడని అర్థం. ముట్టకపోతే మనసులో ఏదో ఉండిపోయిందని. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు అతని కోరిక ఏదై ఉంటుందో తలుచుకుని మాట ఇస్తారు: పిల్లను చదివిస్తాం, తమ్ముడిని చూసుకుంటాం అని. సరైన మాట పడినప్పుడు కాకి వాలుతుందంటారు. ఎవరింట్లో చావు జరిగినా, ఆ ఊళ్లలో ఆడవాళ్లు ఎట్లా పోయాడని తర్వాత అడుగుతారు. పిట్ట ముట్టిందా అని ముందు అడుగుతారు. శాంతవ్వ కూడా గుమ్మంలో అదే అడుగుతుంది. ముట్టిందంటే ఏడ్చి ఊరుకుంటుంది. ముట్టలేదంటే, మొగుడు పరాయి దేశంలో ఏదో కొరతతో తిరుగుతున్నాడని బతికినన్నాళ్లూ అనుకుంటుంది.

మూడోనాడు డ్యూటీ పడింది. చావుకు ఒక్క పూట సెలవే ఇచ్చారు. అయినా తెల్లవారుజామునే లేచి, క్యాంపు వెనక ఇసుకలో అన్నం పెట్టారు. కాకి జాడ లేదు. ఆ లోయలో కాకులే లేవని అంతవరకూ ఎవరూ గమనించలేదు. ఈగలు వచ్చాయి. బస్సు హారన్ కొట్టేదాకా చూసి, అన్నాన్ని ఇసుకలో పూడ్చి డ్యూటీకి పోయారు.

"మత్రా పోదామె" అన్నాడు మల్లేశం ఆ సాయంత్రం. మల్లేశం రాయికల్ వాడు, వాళ్ల రూముకు వంటవాడు, నోటికి తాళం లేని మనిషి. "చేపల మార్కెట్ల కాకులు మస్తు. ఆకు కింద పెట్టకముందే ఎత్తుకపోతయి."

లచ్చన్న ఆ మాటను కాసేపు తూచి చూశాడు. "ఆటికి చేప తలకాయలైనా ఒకటే, భీమన్న బువ్వయినా ఒకటే. అందరికి తలకాయ ఊపేటోని సాక్ష్యం ఎవడు నమ్ముతడురా?"

"సావుకారి సల్లగుండ, చావుల సుత రకం ఏరుతున్నవ్."

మర్నాడు నిమ్మకాయలు కొనడానికి ఊరి చివర అజీజా దగ్గరికి పోయాడు లచ్చన్న. అజీజా ముసలావిడ; ఖర్జూరపు తోట పక్కన ఆమెకు మేకల దొడ్డి ఉండేది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. బేరానికి మాత్రం ఎప్పుడూ అడ్డం రాలేదు. లచ్చన్న రెండు చేతులు రెక్కల్లా ఆడించి కావు కావుమన్నాడు. ఆమె ముసుగులోంచి నవ్వి, "గురాబ్" అంది. తర్వాత వేలెత్తి గుట్ట కొన చూపించింది. ఎందుకన్నట్టు చెయ్యి తిప్పింది.

"భీమన్న... మౌత్" అన్నాడు.

ఆమె చెయ్యి తన తలకు పైన ఎత్తు చూపించి, ఆ పొడుగాయనా అన్నట్టు చూసింది. లచ్చన్న తలాడించాడు. "మిస్కీన్" అంది, అయ్యో పాపం అన్నంత మెల్లగా. ఆ రోజు నిమ్మకాయలకు లచ్చన్న బేరం చేయలేదు, ఆమె చేయనివ్వలేదు. శుక్రవారం పైకి పోతామని సైగ చేస్తే, తోటలోంచి అరటాకు ఒకటి కోసి ఇచ్చింది.

గురువారం రాత్రి పడుకోబోయేముందే లచ్చన్న మనసు ఇంకో లెక్క కట్టేసింది. ఇంటి దగ్గర సత్తవ్వ ఒక్కతే మిర్చి చూసుకోలేకపోతోంది. కాయ ఆరబోయడం, తొడిమ తీయడం, తూకానికి పోవడం. కూలివాళ్లు నిలవరు. శాంతవ్వను తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే ఆమెకు నీడ, తమకు చేతి సాయం. వదిలేశారని లోకం అనదు, ఆదుకున్నారని మెచ్చుకుంటుంది. ఏ వైపు నుంచి చూసినా గిట్టుబాటు. అందులో అతనికి తప్పు కనిపించలేదు.

శుక్రవారం పొద్దు పొడవకముందే మల్లేశం మేకకూర వండాడు, వరన్నం వార్చాడు, గుడ్డు ఉడకబెట్టాడు.

"కల్లు లేని పిట్ట ఏం పిట్టనె?" అన్నాడు టిఫిన్ మూత బిగిస్తూ. "గిన్ని ఈతచెట్లుండి ఈ దేశంల ఒక్క గౌడు లేకపాయె."

"అవి ఖర్జూరాలురా."

"ఈతకు అక్కనే గదా. గీస్తే కారదా?"

టిఫిన్ మల్లేశం పట్టుకున్నాడు, నీళ్ల డబ్బా లచ్చన్న భుజానికి వేసుకున్నాడు, అరటాకు చుట్టి చంకలో పెట్టుకున్నాడు. గుట్ట మొదట్లో అజీజా మేకలు అప్పటికే మేస్తున్నాయి. ఆమె దూరం నుంచే చెయ్యి ఊపి, మేకలు నడిచి నడిచి చేసిన సన్నని దారి చూపించింది. అది తప్ప ఆ గుట్టకు వేరే దారి లేదు.

రాళ్లన్నీ బట్టీలో మాడిన ఇటుకల్లా ఉన్నాయి. కాలు పెడితే జారుతున్నాయి, ఒకటి జారితే దాని వెనక పది. కొంత దూరం పోయాక బొంత రాళ్ల మధ్య ఒక రేగుచెట్టు కనిపించింది. దానికి కొంచెం పైన ఒక తుమ్మ. మల్లేశం నిలబడి రేగుకాయ ఒకటి తెంపి కొరికాడు.

"మన రేగే" అన్నాడు ఆశ్చర్యంగా. "ముల్లు సుత మనదే."

"రాయే పరాయిది" అన్నాడు లచ్చన్న మోకాలు పట్టుకుని.

ఎక్కేకొద్దీ క్యాంపు జనరేటర్ చప్పుడు తగ్గుతూ వచ్చి, ఒక వంపు తిరగగానే మొత్తంగా ఆగిపోయింది. లచ్చన్న వెనక్కి తిరిగి చూశాడు, జనరేటర్ ఆపేశారేమోనని. ఆపలేదు. గుట్టే అడ్డం వచ్చింది. ఆ తర్వాత వినడానికి ఏమీ లేదు. పుట్టినప్పటి నుంచి జనం మధ్య బతికిన మనిషి అతను. అంగడి ఎత్తేసిన తెల్లారి మైదానంలో కూడా కుక్కలు, ఊడ్చేవాళ్లు, మిగిలిన కూరగాయల కోసం వచ్చే పశువులు ఉంటాయి. ఇక్కడ తన ఊపిరి తనకే వినిపించి, ఎవరో వెనక వస్తున్నట్టు అనిపించింది.

"అన్నా" అన్నాడు మల్లేశం. "ఒక్క మాటంట, కోప్పడకు. ముట్టకున్నా ముట్టిందని చెప్పరాదె ఇంటికాడ? నేను సాక్ష్యం చెప్త. కసంపెట్టి చెప్త."

"నువ్వు ఇంటికొచ్చేసరికి రెండేండ్లు."

"జాబు రాస్త."

"వద్దు."

"మిర్చిల నీళ్లు సల్లి తూకమేసినోనివి, గింత అబద్ధానికి ఎనకా ముందాడ్తున్నవా?"

మెట్‌పల్లి చుట్టుపక్కల అది అందరికీ తెలిసిన సంగతే. లచ్చన్న కోప్పడలేదు. "సల్లిన. నీళ్లు సల్లితే మిర్చి రెండు రోజులకు మల్ల ఎండుతది. మాటకు ఎండుడు లేదురా. పచ్చిగనే ఉంటది. శాంతవ్వ దాన్ని పట్టుకుని బతుకుతది."

మల్లేశం టిఫిన్‌ను ఇంకో చేతికి మార్చుకుని, రొప్పుతూ ఎక్కాడు.

చివరి ఎక్కుడు చేతులతో పాకాల్సి వచ్చింది. పైకి చేరాక గాలి ముఖం మీద కొట్టింది. పైన చాప పరిచినంత చదును, అంతే. లచ్చన్న నీళ్ల డబ్బా దించి, నడుం నిలబెట్టి, తలెత్తాడు.

లోయ కింద ఖర్జూరపు తోటలు పచ్చటి గుడ్డపేలికల్లా ఉన్నాయి. వాటి అవతల బయలు, బయలు అవతల పొగమంచు, దాని అంచున సన్నగా, కత్తి వాదరలా సముద్రం.

"కనవడ్తుందె" అన్నాడు మల్లేశం. "నిజంగనే కనవడ్తుంది."

లచ్చన్న ఎంతసేపైందో లెక్క చూసుకున్నాడు. పొద్దు ఇంకా నెత్తికి రాలేదు. బయలుదేరినప్పుడు కాచిన చాయ రూములోని ఫ్లాస్కులో ఇంకా వేడిగానే ఉండి ఉంటుంది. ఇంతేనా? ప్రతి శుక్రవారం ఆ పిల్లగాడు నోరు తెరిచి అడిగింది ఇంత చవకదా? ఊరికే వచ్చే సరుకును వద్దు వద్దని తిప్పి పంపినట్టు, ఏడాదిన్నర పాటు తిప్పి పంపాడు. ఆ శుక్రవారాల్లో తను ఏం సంపాదించాడని గుర్తు తెచ్చుకోబోతే, సబ్బులు అమ్మినట్టు లీలగా గుర్తుకొచ్చింది.

అరటాకు పరిచి, ఎగిరిపోకుండా నాలుగు వైపులా రాళ్లు పెట్టారు. అన్నం, కూర, గుడ్డు. మల్లేశం లోటాతో చుట్టూ నీళ్లు తిప్పాడు. ఇద్దరూ ఎడంగా పోయి కూర్చున్నారు.

అజీజా చెప్పింది నిజమే. కాసేపటికి అవతలి రాతి మీద రెండు నల్లటి పిట్టలు వచ్చి వాలాయి. కాకులు కావు, కాకికి పెద్దన్నల్లా ఉన్నాయి. మెడ దగ్గర గోధుమరంగు. అవి ఆకు వైపు చూశాయి. మనుషుల వైపు చూశాయి. కదలలేదు.

"పిలువ్" అన్నాడు లచ్చన్న.

మల్లేశం రెండు అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని కావుకావుమని పిలిచాడు. పిట్టలు తల వంచి విన్నాయి, అంతే.

"మాట ఇయ్యాలె" అన్నాడు మల్లేశం, లేచి నిలబడ్డాడు. "భీమన్నా! రావే! నీకు ఊర్ల రెండంతరాల బంగ్లా కట్టిస్తం!"

"ఎవడు కట్టిస్తడురా? నువ్వా?"

"గట్లంటరు గదె."

"లేంది అనకు. కూసో."

లచ్చన్న లేచాడు. జనం ముందు అరిచి అరిచి అలవాటైన గొంతే, ఆ రోజు ఎందుకో చిన్నగా వచ్చింది. "భీమన్నా, నేను లచ్చన్నను. శాంతవ్వను మా ఇంట్ల పెట్టుకుంట. తిండికి బట్టకు కరువు రానియ్య. నువ్వు రందివడకు. వచ్చి తిను."

ఒక పిట్ట రాతి మీద రెండు గంతులు ముందుకు వేసింది. అది ఆగి, రెక్క సర్దుకుని, వీళ్లకు వీపు చూపించి కూర్చుంది.

"నచ్చలే" అన్నాడు మల్లేశం మెల్లగా.

లచ్చన్నకు చెవుల్లో తన మాటే మళ్లీ వినపడింది. తనకు లాభమొచ్చే బేరాన్ని దానంలా చెప్పాడు. అంగట్లో అది రోజూ చేసే పనే: నష్టానికి ఇస్తున్నానమ్మా అంటూ లాభానికి అమ్మడం. కొనేవాడికీ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు, నవ్వుకుంటారు. ఇక్కడ నవ్వేవాడు లేడు.

శాంతవ్వకు ఇరవై దాటలేదు. వాళ్లలో మారుమనువు ఉంది. వద్దనుకుంటే ఒంటరిగా బతికే ఆడవాళ్లూ ఉన్నారు. ఆమె ఏం కావాలనుకుంటుందో తను ఒక్కసారి కూడా తలుచుకోలేదు. భీమన్న అయితే అదే ముందు తలుచుకునేవాడు.

"భీమన్నా" అన్నాడు మళ్లీ. ఈసారి సముద్రం వైపు తిరిగి అన్నాడు, పిట్ట వైపు చూడలేదు. "శాంతవ్వ ఇష్టం శాంతవ్వదే. మా ఇంటికొస్తనంటే వస్తది. రానంటే రాదు. మల్ల మనువాడుతనంటే నేనే ముందట నిలవడి చేస్త. నేను గాని సత్తవ్వ గాని అడ్డం రాము. గిది నా మాట. నాకు దీంట్ల ఏం..." ఏం లాభం లేదు అనబోయాడు. లచ్చన్న కింద కూర్చుని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చితి ముందు కూడా ఏడవని మనిషి, అక్కడ వెక్కి వెక్కి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మల్లేశం ఎటు చూడాలో తెలియక టిఫిన్ మూతను తిప్పుతూ కూర్చున్నాడు.

అప్పుడు రెక్కల చప్పుడైంది. పిట్టలు రెండూ లేచాయి. ఒకటి నేరుగా లోయలోకి జారిపోయింది. రెండోది ఆకు పైనుంచి తక్కువ ఎత్తులో ఒక్క చుట్టు తిరిగి, దాని వెనకే పోయింది.

"నీడ పడ్డదె!" మల్లేశం ఎగిరి లేచాడు. "బువ్వ మీద నీడ పడ్డది! నా రెండు కండ్లతోని సూసిన. నీడ ముట్టినా ముట్టినట్టే గదా?"

"నీడ ముట్టుడు ముట్టుడు గాదు."

"ఎవలు చెప్పిండ్రు కాదని?"

"ఎవలు చెప్పిండ్రు అయితదని?"

ఎండ బాగా ఎక్కేదాకా కూర్చున్నారు. పిట్టలు తిరిగి రాలేదు. వచ్చింది అజీజా మేక. నల్లటి చెవుల మేక ఒకటి దారి వెంట పైకి వచ్చి, వీళ్లను లెక్కచేయకుండా ఆకు దగ్గరికి పోయి, అన్నం వాసన చూసి, ముందు అరటాకు అంచు కొరికింది. మల్లేశం రాయి అందుకున్నాడు.

"తిననియ్" అన్నాడు లచ్చన్న.

"మేక ముట్టితే లెక్కకొస్తదా?"

"రాదు. దానికి ఆకలైంది."

మేక ఆకు మొత్తం తినేదాకా ఉండి, ఖాళీ టిఫిన్ తీసుకుని దిగారు. దిగడం ఎక్కడం కంటే కష్టమైంది.

బొంబాయిలో విమానం దిగి, మన్మాడ్ మీదుగా నిజామాబాద్ రైలెక్కి, అక్కడి నుంచి బస్సులో మెట్‌పల్లి చేరాడు లచ్చన్న. భీమన్న పెట్టె నెత్తిన పెట్టుకుని తన ఇంటి వాకిట్లోకి వచ్చేసరికి, కల్లంలో ఎర్రగా మిర్చి ఆరబోసి ఉంది. దాని పక్కన గోనెపట్టా మీద కూర్చుని ఒక ఆడమనిషి తొడిమలు తీస్తోంది. తల ఎత్తితే శాంతవ్వ.

లచ్చన్న ఒమాన్‌లో వేసిన లెక్కను సత్తవ్వ ఇక్కడ అప్పటికే అమలు చేసేసింది. ఇద్దరూ ఇద్దరే. లచ్చన్న పెట్టె దించాడు.

సత్తవ్వ లోపలి నుంచి ఏడుస్తూ వచ్చింది. శాంతవ్వ ఏడవలేదు. లేవలేదు కూడా. చేతిలో కాయ అలాగే పట్టుకుని అడిగింది.

"బావా, పిట్ట ముట్టిందా?"

చెల్లెలి వెనక నిలబడి సత్తవ్వ కళ్లతో సైగ చేసింది, ముట్టిందను అని. ఆ సైగ లచ్చన్నకు స్పష్టంగా అర్థమైంది. ఇరవై ఏళ్లుగా బేరాల్లో ఆ సైగను ఎన్నోసార్లు అందుకున్నాడు.

"ముట్టలే" అన్నాడు.

సత్తవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"గుట్ట మీదికి ఎక్కి పెట్టినం. పిట్టలొచ్చినయి. ఒకటి మీదికెళ్లి తిరిగింది, నీడ పడ్డది. కని ముట్టలే." తర్వాత, ఆపితే మళ్లీ చెప్పలేనేమో అన్నట్టు, తానిచ్చిన మాట కూడా మొత్తం చెప్పేశాడు: ఆమె ఇష్టం ఆమెదేనని, ఎవరూ అడ్డం రారని. భార్య ముందరే చెప్పాడు.

శాంతవ్వ చాలాసేపు కాయను వేళ్ల మధ్య తిప్పింది. "ముట్టలే" అంది, అడుగుతున్నట్టు కాదు. మళ్లీ కొంతసేపటికి, "పిట్ట ముట్టకుంటే నువ్విచ్చిన మాట చెల్లుతదా బావా?"

అవతలివాడు సరుకు అందుకోకపోతే బేరం కుదరనట్టే. ఏ అంగట్లో అడిగినా అదే చెబుతారు.

"చెల్లుతది" అన్నాడు లచ్చన్న.

ఆమె తలవంచి మళ్లీ పనిలో పడింది. గంప నిండేదాకా తీసింది. నిండాక దాన్ని సత్తవ్వ ముందు పెట్టి, చేతులు కడుక్కుని, "అక్కా, రేపటికెళ్లి నేను ఈడ ఉండ" అంది. "మా ఇంటికాడనే ఉంట."

ఆ రోజు తర్వాత సత్తవ్వ మొగుడితో సరిగ్గా మాట్లాడలేదు. "అంగట్ల ఆడిన అబద్ధాలు సాలవాయె, ఇంట్ల పనికొచ్చే ఒక్కటి ఆడరాదా?" అని మాత్రం అన్నం పెట్టేటప్పుడల్లా అనేది. "పోరి రోజు గోడ మీద మెతుకులు పెట్టి కాకులకెల్లి సూస్తుందట. అవి తిన్నా నమ్ముతలేదట. ఏమొచ్చింది నీకు నిజం చెప్పి?"

మల్లేశం చెప్పిన నీడనైనా ముట్టుడు కింద కట్టి ఉంటే ఆ పిల్ల నిద్రపోయేదేమో అని, సెలవు ఉన్నన్నాళ్లూ, మిర్చి తూచేటప్పుడు కూడా లచ్చన్నకు ఆలోచన వచ్చి చెయ్యి ఆగిపోయేది.

శాంతవ్వ తన ఇంటి తాళం తీసింది. కోరుట్ల కార్ఖానా నుంచి ఆకు, తంబాకు తెచ్చుకుని బీడీలు చేయడం మొదలుపెట్టింది. మనువు మాట ఎవరో ఎత్తితే, ఇప్పుడు కాదంది. ఎప్పటికీ కాదని మాత్రం అనలేదు. లచ్చన్న అడగలేదు.

తిరుగు ప్రయాణం రోజు బస్టాండుకు సత్తవ్వ రాలేదు. శాంతవ్వ వచ్చింది. బస్సు దగ్గర నిలబడి, కొంగు చాటు నుంచి కాగితంలో చుట్టిన చిన్న కట్ట తీసి ఇచ్చింది.

"బీడీలు. నేను చేసినయే. కార్ఖానకిచ్చే లెక్కలయి గావు, ఇడిగ చేసిన. ఆయన తాగుతుండె."

లచ్చన్న తీసుకున్నాడు.

"మల్ల ఎక్కుతవా బావా, ఆ గుట్ట?"

"ఎక్కుత."

"ఎక్కితే ఇవి ఆడ పెట్టు. ఈపారి ఏం మాట ఇయ్యకు. నా గురించి సుత ఏం చెప్పకు. ఉత్తగ పెట్టి రా."

"పిట్ట రాకుంటే?"

"రాకుంటే ఆన్నే ఉండని."

కండక్టర్ గంట కొట్టాడు. లచ్చన్న ఎక్కి కిటికీ పక్కన కూర్చుని బయటికి చూసేసరికి, శాంతవ్వ అప్పటికే ఎండలో ఇంటి దారి పట్టింది. ఏ సామానైనా సీటు కిందికి తోసి దాని మీద కాళ్లు చాపుకునే మనిషి, ఆ కట్టను నిజామాబాద్ దాకా ఒళ్లోనే పెట్టుకున్నాడు.